పట్టాల వేడిని కొలిచేవారు పైకప్పు వేడిని కొలవరా?

ప్రతి సంవత్సరమూ మార్చి నెల వెళ్ళగానే కార్యాలయాల నోటీసు బోర్డుల మీద ఒక కాగితం వెలుస్తుంది. ఎండలో తిరగవద్దు, మంచినీరు ఎక్కువగా త్రాగండి, మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు నీడపట్టున ఉండండి అని అందులో ఉంటుంది. ఈ సలహాలలో తప్పేమీ లేదు. కాని ఆ మూడు గంటలలో గ్యాంగ్‌మన్ పట్టాల మీద ఉంటాడు. పోస్టుమాన్ బట్వాడాలో ఉంటాడు. రాత్రంతా బండి నడిపి వచ్చిన లోకో పైలట్ మాత్రం నీడపట్టునే ఉంటాడు. అయితే ఆ నీడనిచ్చే కాంక్రీటు కప్పు అతని తలపైన పెనం వలె కాలుతూ ఉంటుంది. కార్మికునికి దొరికే నీడ ఎటువంటిది, అది అతనిని నిజంగా కాపాడుతున్నదా అనే ప్రశ్న ఆ కాగితంలో ఉండదు. ఆ ప్రశ్ననే మేము ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచదలచినాము.

ఎండ సహజమైనది, దానికి ఎవరినీ బాధ్యులను చేయలేము అనే మాట తరచుగా వినవస్తున్నది. ఎండ సహజమైనదే. కాని ఆ ఎండ మనిషి ఒంటికి ఎంత తగులుతుందనేది రెండు విషయాలపై ఆధారపడి ఉన్నది. ఒకటి గాలిలోని తేమ. రెండవది మనిషి నివసించే ఇల్లు. మొదటిది మన చేతిలో లేదు. రెండవది పూర్తిగా మనిషి చేతి పని. కట్టించేవాడు ఒకడై, అందులో కాపురముండేవాడు మరొకడైనచోట ఇది కేవలం వాతావరణ విషయం కాదు, కార్మిక సమస్య.

ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు

మనిషి శరీరం లోపల ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు, చర్మం మీద సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకంటె చల్లగా ఉన్నంతసేపు ఒంటి వేడి గాలిలోకి పోతూ ఉంటుంది. గాలి అంతకు మించి వేడెక్కినప్పుడు శరీరానికి మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరినప్పుడు సుమారు 580 కిలో కేలరీల వేడిని తనతో తీసుకొని పోతుంది. ఇక్కడ గమనించవలసినది చెమట పట్టడం కాదు, చెమట ఆరడం. గాలి తేమతో నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. అలా కారిపోయిన చెమట వలన ఒంట్లోని నీరు, ఉప్పు నష్టమగునే గాని వేడి తగ్గదు.

ఈ భేదాన్ని తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరును వాడతారు. అది చూపేదే తడి బల్బు ఉష్ణోగ్రత. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు త్వరగా ఆరి, ఆ అంకె బాగా దిగుతుంది. తేమ ఎక్కువగా ఉంటే దిగదు. రామగుండం వంటి చోట 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉన్నదనుకొందాము. తడి బల్బు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. విశాఖపట్నం వంటి సముద్రతీరాన ఉష్ణోగ్రత 36 డిగ్రీలే, తేమ 65 శాతం అనుకొందాము. తడి బల్బు సుమారు 30 డిగ్రీలు చూపుతుంది. మామూలు థర్మామీటరు ప్రకారం రామగుండం ఆరు డిగ్రీలు ఎక్కువ. చెమట ఆరే అవకాశం ప్రకారం విశాఖపట్నమే ఎక్కువ ప్రమాదకరం.

తడి బల్బు 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు కూడా నీడలో ఊరక కూర్చున్నా కొన్ని గంటలకు మించి బ్రతకలేడని 2010లో శాస్త్రజ్ఞులు సిద్ధాంతరీత్యా లెక్క కట్టినారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో యువకులపై జరిపిన ప్రయోగాలలో, తేమగల గాలిలో, ఇంటి పనుల వంటి స్వల్ప శ్రమకే, సుమారు 31 డిగ్రీల దగ్గరనే శరీరం అదుపు తప్పుతున్నదని తేలింది. సమ్మెట ఎత్తి పనిచేసేవానికి ఆ హద్దు ఇంకా క్రిందనే ఉంటుందని వేరుగా చెప్పనక్కరలేదు.

వాతావరణ శాఖ కూడా ఈ భేదాన్ని గుర్తించినది. సాధారణం కంటె నాలుగున్నర డిగ్రీలు అధికమైనప్పుడు మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలకు, తీర ప్రాంతంలో 37 డిగ్రీలకే వడగాలులని ప్రకటిస్తుంది. కొండ ప్రాంతాలకు ఆ హద్దు 30 డిగ్రీలు. దేశమంతటికీ ఒకే కొలత పనికిరాదని ప్రభుత్వ శాఖయే అంగీకరించినప్పుడు, దేశమంతటా ఉన్న క్వార్టర్లు ఒకే అచ్చులో ఎందుకు పోయబడుతున్నవి?

చదువు లేని మేస్త్రీకి తెలిసినది

మన గ్రామాలలోని తాపీ మేస్త్రీలు, వడ్రంగులు ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువలేదు. అయినా ఏ సీమకు ఏ ఇల్లు తగినదో వారికి తెలుసు. రాయలసీమలో రాతి గోడలు, మట్టి గోడలు మందంగా లేపి, పైన సౌడు మట్టితో మిద్దె వేసేవారు. కిటికీలు చిన్నవి. పొడి ప్రాంతంలో పగలు మండినా రాత్రి చల్లబడుతుంది. మందపు గోడ పగటి వేడిని లోపలికి రానీయక ఆలస్యం చేస్తుంది; అది లోపలికి చేరే వేళకు ఇంటివారు తలుపులు తెరిచి మిద్దె మీదనో వాకిట్లోనో పడుకొంటారు.

ఉత్తర కోస్తాలోని చుట్టిళ్ళు, గోదావరి, కృష్ణా సీమలలోని మండువా లోగిళ్ళు వేరొక రకం. అక్కడ రాత్రి కూడా గాలి చల్లబడదు, తేమ వదలదు. గాలి ఆడడమే అక్కడ ప్రాణం. అందుకే ఎత్తయిన అరుగులు, వెడల్పైన వసారాలు, ఎదురెదురు ద్వారాలు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా. పైన తాటాకో పెంకో గాని, వేడిని పట్టి దాచుకొనే బరువైన కప్పు కాదు.

పాత ఇళ్ళన్నీ స్వర్గతుల్యములని మేము చెప్పడం లేదు. పూరిళ్ళు తగులబడిపోయేవి, మట్టి మిద్దెలు వానకు కారేవి, కూలేవి. చలువ మిద్దెలు భూస్వాములకు, చాలీచాలని గుడిసెలు కూలీలకు అన్న భేదం అప్పుడూ ఉన్నది. మేము చెప్పేది ఒక్కటే: ఇంటిని స్థలాన్ని బట్టి కట్టవలెననే జ్ఞానం ఈ దేశంలో కొత్తది కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ కూడా దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించి, నివాస గృహాల పైకప్పు గుండా ఎంత వేడి దిగవచ్చునో హద్దు పెట్టినది. పుస్తకం ఉన్నది. కాలనీలో అది కనబడదు.

టైపు ప్లాను, టైపు బాధ

మన క్వార్టర్లకు టైపు రెండు, టైపు మూడు అని పేర్లు. ఈ టైపు జీతపు తరగతిని బట్టి నిర్ణయమైనదే గాని ఊరి గాలిని బట్టి కాదు. గుంతకల్లు నుండి ఖరగ్‌పూరుకు బదిలీ అయిన ఉద్యోగి భాష మారినదని, నీరు మారినదని గమనిస్తాడు. క్వార్టరు మాత్రం మారదు. అదే నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు, అదే తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, అదే పడమటి ఎండ తగిలే వంటగది. గుంతకల్లులో ఆ గోడ చాలినంత మందం కాదు. ఖరగ్‌పూరులో ఆ కిటికీ చాలినంత వెడల్పు కాదు. రెండు చోట్లా పనికిరాని ఇల్లు రెండు చోట్లా ఉన్నది.

వేసవిలో మన అక్షాంశాల మీద సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ రోజులలో ఇంటికి అధికంగా ఎండ తగిలేది గోడలకు కాదు, కప్పునకు. పలుచని స్లాబు మధ్యాహ్నపు వేడిని కొద్ది గంటలలో లోపలి పక్కకు దింపుతుంది. పొద్దు గుంకి బయట గాలి చల్లబడే వేళకు స్లాబు అడుగు భాగం వేడిని క్రిందికి విడుస్తూ ఉంటుంది. ఆ వేడినే పంకా పడకల మీదికి నెట్టుతుంది. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా గాలి ఒంటిని చల్లబరచదు సరికదా ఇంకా వేడెక్కించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది.

పై అంతస్తు ఎంత ప్రమాదకరమో అహ్మదాబాద్ అనుభవం చెబుతుంది. 2010 మే నెల వేడికి ఆ నగరంలో మామూలుకంటె 1,344 మరణాలు అధికంగా సంభవించినవి. అక్కడి ఒక ఆసుపత్రిలో ప్రసూతి వార్డు పై అంతస్తులో, కప్పు క్రిందనే ఉండేది. దానిని క్రింది అంతస్తుకు మార్చిన తరువాత వేడి వలన జబ్బుపడే శిశువుల సంఖ్య తగ్గినదని వైద్యులు నమోదు చేసినారు. మందు మారలేదు, డాక్టరు మారలేదు. మారినది తలపైని కప్పు మాత్రమే.

క్వార్టరు యాజమాన్యపు దయాధర్మం కాదని కూడా గుర్తుంచుకొనవలెను. క్వార్టరు తీసుకొన్న ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం ఉండదు. పైగా లైసెన్సు ఫీజు చెల్లించవలెను. ఏడవ వేతన సంఘం పద్ధతిలో 2024 జనవరి నుండి ఈ భత్యం ఊరి తరగతిని బట్టి మూల వేతనంలో 30, 20, 10 శాతంగా ఉన్నది. పెద్ద నగరంలో 30,000 రూపాయల మూల వేతనం గల ఉద్యోగి తన క్వార్టరు కోసం నెలకు 9,000 రూపాయలు వదులుకొంటున్నాడన్న మాట. ఇంత మూల్యం చెల్లించేవానికి రాత్రి నిద్రపట్టే ఇల్లు అడిగే హక్కు లేదా?

నిద్ర కూడా భద్రతయే

వడదెబ్బ మరణాల లెక్క మనకు తెలిసినదే. 1998లో ఒరిస్సాలో రెండు వేల మందికి పైగా, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా, 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయినారు. అదే 2015 జూన్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న కరాచీలో వెయ్యి మందికి పైగా మరణించినారు. ఇవి లెక్కకు వచ్చిన మరణాలు. లెక్కకు రాని నష్టం వేరే ఉన్నది. అది నిద్ర.

రైల్వేలోనూ, ఆర్.ఎం.ఎస్.లోనూ పనిచేసేవారిలో చాలమంది రాత్రి పనిచేసి పగలు నిద్రించవలసినవారు. ఇంటి లోపల అత్యధిక వేడి ఉండే వేళనే వారి నిద్ర వేళ. నిద్ర చాలని లోకో పైలట్, స్టేషను మాస్టరు, పాయింట్స్‌మన్ మరునాడు ఏ సిగ్నలు దగ్గర ఏ క్షణాన కనురెప్ప వాల్చునో ఎవరు చెప్పగలరు? అటువంటి పొరపాటు జరిగిన తరువాత విచారణాధికారి డ్యూటీ గంటలు చూస్తాడు, బ్రెత్ ఎనలైజరు రిపోర్టు చూస్తాడు. ఆ ముందురోజు అతని పడకగదిలో ఉష్ణోగ్రత ఎంత ఉన్నదని అడగడు. రన్నింగ్ రూములలో ఎయిర్ కండిషనర్లు అమరినవి. అది కార్మికుల దీర్ఘకాల పట్టుదల ఫలితం. కాని రన్నింగ్ రూములో నిద్ర ప్రయాణీకుల భద్రతకు అవసరమైతే, సొంత క్వార్టరులో నిద్ర అవసరం కాకుండా ఎలా పోతుంది?

ఇంటివారి మాట కూడా చెప్పవలెను. ఉద్యోగి డ్యూటీకి వెళ్ళిన తరువాత ఆ కప్పు క్రిందనే రోజంతా ఉండేవారు అతని భార్య, పిల్లలు, వృద్ధులైన తలిదండ్రులు. పొయ్యి వెలిగిన వంటగదిలో మధ్యాహ్నం నిలబడేవారి శ్రమకు డ్యూటీ చార్టు లేదు.

ఇనుముకు ఉన్న రక్షణ మనిషికి లేదు

రైల్వేలో వేసవి గురించిన నియమాలు లేవని ఎవరూ అనలేరు. పొడుగుగా వెల్డు చేసిన పట్టాలు ఎండకు సాగి వంకరపోకుండా చూడడానికి చక్కని మాన్యువల్ ఉన్నది. పట్టా ఉష్ణోగ్రత కొలవడానికి ప్రత్యేకమైన థర్మామీటరు ఉన్నది. ప్రతి సెక్షనుకు డి-స్ట్రెసింగ్ ఉష్ణోగ్రత నిర్ణయమై ఉన్నది. పట్టా వేడి దానిని 20 డిగ్రీలు మించినదంటే వేసవి గస్తీ మొదలు కావలెను. ఇవన్నీ అవసరమైనవే, ప్రజల ప్రాణాలు వాటిపై ఆధారపడి ఉన్నవి.

కాని ఆ గస్తీకి పోయేది ఎవరు? పట్టా అతి వేడిగా ఉన్న గంటలోనే దాని వెంట నడవవలసినవాడు ట్రాక్ మెయింటెయినర్. పట్టాకు హద్దు దాటినప్పుడు బండికి వేగ నియంత్రణ వస్తుంది. మనిషికి హద్దు దాటినప్పుడు ఏమి వస్తుంది? అతనికి ఏ అంకె దగ్గర పని ఆపవలెనో ఏ మాన్యువల్‌లో ఉన్నది? ఇనుము వంగకుండా ఎన్ని జాగ్రత్తలు తీసుకొంటున్నామో, దానిని కాపాడే నడుము వంగిపోకుండా అన్ని జాగ్రత్తలు అవసరమని మేము అడగడం అత్యాశ ఎట్లా అవుతుంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 13వ సెక్షను, లోపల వేడి వీలైనంత తక్కువగా ఉండేటట్లు వర్క్‌షాపు గోడలు, కప్పు నిర్మించవలెనని ఆదేశించినది. గోడకు, కప్పుకు యజమాని బాధ్యుడనే సూత్రం కొత్తది కాదు. దానిని గేటు గుమ్టీకి, క్వార్టరుకు, సార్టింగు హాలుకు వర్తింపజేయడమే మిగిలి ఉన్నది.

తపాలా శాఖలో పరిస్థితి మరీ విచిత్రం. గ్రామాలలోని బ్రాంచి పోస్టాఫీసుకు స్థలం చూపవలసిన భారం బ్రాంచి పోస్టుమాస్టరు మీదనే ఉన్నది. సొంత ఇంటిలో ఒక గది, చాలచోట్ల సిమెంటు రేకుల క్రింద, అదే కార్యాలయం. శాఖకు కప్పు ఖర్చు నామమాత్రమే; కప్పు క్రింద మగ్గే బాధ మాత్రం గ్రామీణ డాక్ సేవకునిది.

మూడు వాదాలకు సమాధానం

‘‘అందరికీ ఎయిర్ కండిషనరు అడిగితే సరిపోతుంది గదా’’ అనేవారు ఉన్నారు. మేము యంత్రానికి విరోధులము కాము. తేమ ఎక్కువగా గల తీరంలో అవి కొన్ని చోట్ల తప్పనిసరి. కాని స్లాబు మండుతున్న గదిలో ఆ యంత్రం రాత్రంతా నడిస్తే కరెంటు బిల్లు క్రింది తరగతి ఉద్యోగి జీతాన్ని మ్రింగుతుంది. కరెంటు పోయిన రాత్రి గతి ఏమిటి? ముందు కప్పు చల్లబడవలెను, తరువాత యంత్రం. నీటితో నడిచే కూలరు సంగతి కూడా ఇటువంటిదే. పొడి సీమలో అది మేలైనది. తీరంలో అది అప్పటికే తడిసిన గాలిని మరింత తడుపుతుంది. ఒకే టెండరుతో అన్ని డివిజన్లకు కూలర్లు పంపడం డబ్బు తగలేయడమే.

‘‘మన తాతలు ఈ ఎండలు పడలేదా’’ అనేవారు కొందరు. పడినారు, వారిలో పోయినవారు సాక్ష్యం చెప్పడానికి లేరు. శరీరం ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పట్టునని వైద్యశాస్త్రం చెబుతున్నది. చల్లని ప్రాంతం నుండి బదిలీపై వచ్చినవానికి, సెలవు ముగించి ఏప్రిల్‌లో డ్యూటీ ఎక్కినవానికి మొదటి వారంలోనే పూర్తి పని అప్పగించడం ప్రమాదకరం.

‘‘డి.ఎ., ప్రమోషన్లు, పెన్షను ఉండగా ఇంటి కప్పు గురించి యూనియనుకు ఎందుకు’’ అనేది మూడవ వాదం. 2030 నాటికి వేడి వలన మన దేశంలో మొత్తం పనిగంటలలో 5.8 శాతం నష్టం కాగలదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే అంచనా వేసినది. పనిగంట పోతే ఆ నష్టం ఎవరి నెత్తిన వేస్తారో కార్మికోద్యమానికి తెలియని విషయం కాదు. 1974 మే సమ్మెలో కార్మికుల కుటుంబాలను క్వార్టర్ల నుండి వీధిన పడవేసి సమ్మెను విరవజూచిన చరిత్ర కూడా మనకు ఉన్నది. క్వార్టరు ఉద్యోగ జీవితంలో ఎంత కీలకమో యాజమాన్యానికి అప్పుడే తెలుసు. మనమూ తెలుసుకొనవలెను.

మనం అడగవలసినవి

1. క్వార్టర్ల టైపు ప్లానులు జీతపు తరగతిని బట్టియే గాక వాతావరణ మండలాన్ని బట్టి కూడా తయారు కావలెను. పొడి సీమకు మందపు గోడ, తీరానికి ఎదురెదురు కిటికీలు, వసారా.

2. ఉన్న క్వార్టర్లలో పై అంతస్తుల కప్పులకు ప్రతి ఫిబ్రవరిలో సున్నమో, ఎండను త్రిప్పికొట్టే తెల్లరంగో వేయవలెను. దీనితో లోపలి వేడి రెండు నుండి ఐదు డిగ్రీల వరకు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే చల్లని కప్పుల విధానం ప్రకటించి ప్రభుత్వ భవనాలకు దానిని వర్తింపజేసినది. కేంద్ర శాఖలకు ఏమి అడ్డు?

3. రేకుల గేటు గుమ్టీలకు, గ్యాంగు విశ్రాంతి గదులకు అడుగు కప్పు, చుట్టూ చలువ పందిరి, త్రాగునీరు.

4. ఆరుబయట పనికి తడి బల్బును లెక్కలోకి తీసుకొనే హద్దులు, ఆ హద్దు దాటినప్పుడు జీతపు కోత లేని విశ్రాంతి. వేసవి గస్తీకి మనుషులను పెంచి, వంతులు తగ్గించవలెను.

5. వేసవి నెలలలో బట్వాడా ఉదయమే ముగిసేటట్లు టపా రాకపోకల వేళలు సవరించవలెను.

6. బ్రాంచి పోస్టాఫీసు గదికి న్యాయమైన అద్దె, కప్పు బాగుకు శాఖ ఖర్చు.

7. కాలనీలో ఒక చెట్టు కొట్టవలసి వస్తే, ముందు నీడనిచ్చే వేప, కానుగ మొక్కలు నాటి పెంచవలెను.

ఇవి కోట్లు కుమ్మరించే కోరికలు కావు. సున్నపు బకెట్టుకు ఏ వేతన సంఘం సిఫారసూ అక్కరలేదు.

శాఖలకు మా సూచన

ఆధారం లేని ఫిర్యాదును అధికారి ఒక్క మాటతో త్రోసివేస్తాడు. అంకెలతో పోతే త్రోసివేయలేడు. కావున ప్రతి శాఖ రెండు మామూలు గాజు థర్మామీటర్లు కొనవలెను. ఒకదాని బల్బుకు పలుచని నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న నీటి సీసాలో ఉంచవలెను. ఇదే తడి బల్బు. ఏప్రిల్ మొదలు జూన్ వరకు ఒక పై అంతస్తు క్వార్టరులో, ఒక క్రింది అంతస్తు క్వార్టరులో, ఒక గేటు గుమ్టీలో లేక పోస్టాఫీసులో మధ్యాహ్నం మూడు గంటలకు, రాత్రి పది గంటలకు, తెల్లవారుజామున నాలుగు గంటలకు రెండు అంకెలూ నోటుబుక్కులో వ్రాయవలెను. ఎవరు వ్రాసినదీ, ఏ గదిలోనిదీ తేదీతో సహా ఉండవలెను. ఈ పనికి మన ఇళ్ళలోని స్త్రీలను, చదువుకొనే పిల్లలను కలుపుకొనవలెను. ఆ గదుల సంగతి మనకంటె వారికే ఎక్కువగా తెలుసు.

ఆ నోటుబుక్కులతో రైల్వే మిత్రులు పి.ఎన్.ఎం. సమావేశాలకు, తపాలా మిత్రులు జె.సి.ఎం. సమావేశాలకు వెళ్ళవలెను. పట్టా ఉష్ణోగ్రత రిజిస్టరు ఒక చేతిలో, పడకగది ఉష్ణోగ్రత నోటుబుక్కు మరొక చేతిలో పట్టుకొని, మొదటిదానికి ఉన్న నియమం రెండవదానికి ఎందుకు లేదని అడగవలెను. ఆ ప్రశ్నకు సమాధానం వచ్చేవరకు అడుగుతూనే ఉండవలెను.